బీటిల్ క్లచ్ బిగుసుకుపోతే గేర్‌బాక్స్ దించాలా?

పాత బీటిల్‌కు కొత్త కేబుల్ వేసినా క్లచ్ పెడల్ రాయిలా ఉందని, గేర్‌బాక్స్ దించాల్సిందేనా అని అడిగారు. వద్దు, తొందరపడకండి. నాది 1972 మోడల్ వోక్స్‌వ్యాగన్ బీటిల్. ఇక్కడ టెక్సస్‌లో ఇంటి ముందే దాని పనులన్నీ నేనే చేసుకుంటాను. మీ బాధే నేనూ పడ్డాను.

క్లచ్ గట్టిగా ఉందంటే చాలు, కేబుల్ మార్చమంటారు అందరూ. నేనూ మార్చాను, తేడా రాలేదు. ఒక షాపువాళ్లయితే కారు కిందకు తొంగి కూడా చూడకుండా గేర్‌బాక్స్ మొత్తం విప్పాలని లెక్క రాసిచ్చారు. చేత్తో కదిపి చూసే ఓపిక ఎవరికీ ఉండటం లేదు, నాకు కోపం వచ్చేది అక్కడే.

ఆ ఆదివారం కారు వెనక భాగాన్ని జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలబెట్టి కిందకు దూరాను. ఎడమ చక్రం లోపలివైపు, గేర్‌బాక్స్ పక్కన రిలీజ్ లివర్ ఉంటుంది, కేబుల్ లాగితే క్లచ్‌ను విడిపించే మీట అది. దాని చివర వింగ్ నట్ విప్పి కేబుల్ విడదీశాను. కేబుల్ చివరను నేను ప్లయర్‌తో పట్టుకుంటే మా ఆవిడ పెడల్ నొక్కింది. కేబుల్ వెన్నలా జారింది. అంటే తప్పు దానిది కాదు. ఆ తర్వాత లివర్‌ను వేలితో తోశాను. మామూలుగా అయితే కాస్త కదిలి, వదలగానే స్ప్రింగ్ బలంతో వెనక్కి కొట్టుకోవాలి. నాది తోసిన చోటే ఆగిపోయింది, కిర్రుమంది కూడా.

రోగం లివర్ షాఫ్ట్ తిరిగే చిన్న గొట్టం లాంటి బుష్‌లో ఉంది. గేర్‌బాక్స్ దించక్కర్లేదు, ఇంజిన్ తీస్తే చాలు. నాలుగు బోల్టుల మీదే ఆగే ఇంజిన్ అది. షాఫ్ట్ బయటకు తీస్తే ఎర్రటి తుప్పు పొడి చేతికంటుకుంది. ఎమెరీ కాగితంతో రుద్ది, కొత్త బుష్ వేసి, గ్రీజు పలచగా రాశాను. ఎక్కువ రాస్తే చిమ్మి క్లచ్ ప్లేటు మీద పడుతుంది.

అప్పటిదాకా బలవంతంగా తొక్కుతూ మాత్రం నడపకండి. కారు నేల మధ్యలో పొడవుగా ఉబ్బి ఉండే టన్నెల్ లోపల కేబుల్ గొట్టం వెల్డ్ ఊడిందంటే టన్నెల్‌నే కోయాలి, అది ఇంజిన్ తీయడం కంటే పెద్ద పని.

ఒకవేళ మీ లివర్ తేలిగ్గానే కదిలితే, కేబుల్ వెనక చివర ఉండే బౌడెన్ ట్యూబ్ (కేబుల్‌కు తొడిగిన, వంగే గొట్టం) వంపు చూడండి. 25 నుంచి 45 మిల్లీమీటర్ల వరకు కిందకు వంగి ఉండాలి. అన్నీ బిగించాక పెడల్ దగ్గర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఫ్రీ ప్లే, అంటే క్లచ్ మీద ఒత్తిడి పడకముందు పెడల్ ఊరికే కదిలే దూరం, ఉంచండి.