అందరికీ మిలిటరీ తప్పనిసరి పెడితే మంచిదేనా అక్కా?

ప్రశ్న: నమస్తే అక్కా. మాది దేవరకొండ దిక్కు చిన్న ఊరు. మా చిన్నోనికి ఇంటర్ అయిపోయింది, అగ్నివీర్ అని, అంటే నాలుగేండ్ల మిలిటరీ కొలువు కోసమని, రోజూ పొద్దుగాల నాలుగున్నరకే లేచి మెయిన్ రోడ్డు మీద ఉరుకుతుండు. మా ఆయనేమో ఇజ్రాయెల్ లెక్క మన దగ్గర కూడా ప్రతి పోరడికి రెండేండ్లు మిలిటరీ తప్పనిసరి పెట్టాలె, అప్పుడు మనోనికి ఈ సెలెక్షన్ టెన్షనే ఉండదు అంటడు. నాకు భయమైతుంది. మీరేమంటరు?
ఒక తల్లి, దేవరకొండ

జవాబు: చెల్లే, నీ భయం నాకు సమజైంది. నేనైతే తప్పనిసరి వద్దనే అంట.

మా నాయనమ్మది జనగామ తాలూకా, అప్పట్ల అది నల్లగొండ జిల్లానే, దొరల మీద కొట్లాటల దొడ్డి కొమరయ్య 1946ల ప్రాణమిచ్చిన కడవెండి కూడా ఆ తాలూకానే. దొర గడీల వడ్లు దంచి దంచి ఆమె అరచేతులు చచ్చేదాకా గట్టిగనే ఉండె, మా పెదనాయన పాలకు ఏడుస్తున్నా సరే పిలుపొచ్చిందంటే లేచి పోవాల్సిందేనంట. గందుకే "తప్పనిసరి" అనే మాట వింటే నాకు ముందు ఆమె చేతులే యాదికొస్తయి. రాజ్యాంగంల 23వ ఆర్టికల్ వెట్టిని నిషేధించింది, కానీ అదే ఆర్టికల్ రెండో భాగంల ప్రజావసరం కోసం సర్కారు తప్పనిసరి సేవ పెట్టొచ్చు, అయితే మతం, జాతి, కులం, వర్గం చూసి తేడా చెయ్యొద్దు అని కూడా ఉన్నది. అంటే చట్టం అడ్డం కాదు. మరి తేడా లేకుండ జరుగుతదా? ఉన్నోళ్ల పిల్లలు పై చదువులనో, ఆరోగ్యం బాగలేదనో ఏదో ఒక కాయితం తెచ్చుకుంటరు, పాలమూరు నుంచి ముంబై, పుణె పనికి పోయినోళ్ల కొడుకు మాత్రం పోవాల్సొస్తది, ఆ ఇంట్ల పద్దెనిమిదేండ్ల పోరని కూలి మీదనే సగం పొయ్యి వెలుగుతది చెల్లే.

ఇజ్రాయెల్ ముచ్చట వేరే. ఆ దేశం మొత్తం జనం కోటి మంది చిల్లర, మన దగ్గర ఒక్క ఏడాదిల పద్దెనిమిది నిండేటోళ్లే రెండు కోట్ల పైన ఉంటరు, మన ఆర్మీ అంతా కలిపితే పన్నెండు లక్షల చిల్లర, ఇంతమందిని యాడ పెడ్తరు, ఎవరు నేర్పిస్తరు? ఆడ కూడా మత చదువులు చదివే యువకులకు మినహాయింపు ఎందుకని ఏండ్లకేండ్లు గొడవైంది, 2024ల వాళ్ల సుప్రీంకోర్టు వాళ్లను కూడా తీసుకోవాల్సిందే అన్నది. మనోళ్లు కూడా చైనా యుద్ధం అయినంక 1963ల కాలేజీ మగపిల్లలకు ఎన్‌సీసీ, అంటే చదువుకుంటనే చేసే మిలిటరీ ట్రైనింగు, తప్పనిసరి చేసిండ్రు, ఐదేండ్లకే, 1968ల, ఇష్టమున్నోళ్లకే అని మార్చిండ్రు.

సేవ వద్దంటలేను. నేను డిగ్రీల ఎన్‌ఎస్‌ఎస్, అంటే కాలేజీ పిల్లల సమాజ సేవ, చేసిన, రెండేండ్లల్ల 240 గంటలు, వారం రోజుల క్యాంపు. మాది మర్రిగూడ దిక్కు ఒక ఊర్ల పడ్డది. ఆడ ఒక తాత మెడ తిప్పలేకపోయేది, మాతోని మాట్లాడాలంటే మొత్తం ఒళ్లే తిప్పేది, బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ తోని బొక్కలన్నీ బిగుసుకపోయినయి, మేం బిందెలు మోసుకొచ్చి ఇస్తే మా చేతులు పట్టుకొని ఇడువలే. నన్నెవ్వరూ బలవంతం పెట్టలే, ఆ తాత కోసం ఇంకో వారం ఉండుమన్నా ఉందును.

ఇగ మీ పిలగాడు. సొంతంగ పోతా అంటుండు కాబట్టి పోనియ్యి, 2020ల చైనా బార్డర్ కాడ గల్వాన్‌ల ప్రాణమిచ్చిన కర్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట బిడ్డనే. కాకుంటే లెక్కలు ముందే తెల్సుకోవాలె: అగ్నివీర్ అంటే నాలుగేండ్లు, మొదటేడు నెలకు ముప్పై వేలల్ల చేతికొచ్చేది 21 వేలు, బయటికొచ్చేటప్పుడు ఒక్కసారే ఇచ్చే సేవానిధి 11 లక్షల 71 వేల దాకా, పెన్షన్ లేదు, వందల 25 మందిని మించి పర్మినెంట్ చెయ్యరు. గందుకే చదువు ఆపనియ్యకు, డిగ్రీల చేర్పించు, ఎన్‌సీసీల పేరియ్యమను, అండ్ల ఇచ్చే సి సర్టిఫికెట్ ఉంటే అగ్నివీర్ సెలెక్షన్‌ల బోనస్ మార్కులుంటయి.

ఇంకొకటి, ఆ చీకట్ల మెయిన్ రోడ్డు మీద ఉరుకుడు ఇయాల్టి నుంచే బంద్ చేయించు చెల్లే, లారీలోళ్లకు మనిషి కనవడడు. కాలేజీ గ్రౌండ్‌ల ఉరుకుమను.