'ప్రాజెక్ట్ నిమ్' డాక్యుమెంటరీలోని చింపాంజీ నిజంగా భాష నేర్చుకుందా?

సంజ్ఞలు నేర్చుకుంది, వాక్యం కట్టడం మాత్రం రాలేదు. 1973లో పుట్టిన నిమ్‌కి కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ హెర్బర్ట్ టెర్రస్ బృందం అమెరికన్ సంజ్ఞా భాషలో దాదాపు 125 సంజ్ఞలు నేర్పింది. చెయ్యి పట్టుకుని ఆకారం దిద్దడం, సరిగ్గా చేస్తే అడిగింది ఇవ్వడం, ఇదీ పద్ధతి. లోపం వీడియోల్లో బయటపడింది. ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూస్తే, టీచర్ అంతకుముందే చేసిన సంజ్ఞనే నిమ్ చాలాసార్లు తిరిగి చేస్తోంది. పసిపిల్లల మాటలు నెలనెలా పొడవవుతాయి. నిమ్‌వి సగటున రెండు సంజ్ఞలైనా దాటలేదు. 16 సంజ్ఞల అతి పొడవైన వరుసలో ఉన్నది 'ఇవ్వు, నారింజ, నేను, తిను, నువ్వు' అనే అయిదు సంజ్ఞలే, మళ్లీ మళ్లీ. 1979లో టెర్రస్ ఈ ఫలితాన్నే ప్రచురించారు. అయితే టీచర్లు తరచూ మారిపోయారు, పాఠాలు బోసి గదిలో సాగాయి. అందుకే దీన్ని వానరాలన్నిటికీ వర్తించే తుది తీర్పుగా తీసుకోకూడదు.