అర్థం తెలిసిన మాట వాక్యంలోకి ఎందుకు రాదు?

(పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు)

చెన్నై పాఠకుల నుంచి ఈమధ్య వచ్చిన ఉత్తరాలలో ఇంగ్లీషు మాటలు నేర్చుకోవడం గురించిన ప్రశ్నలే ఎక్కువగా ఉన్నందువల్ల ఈ సంచికలో శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: నేను గుంటూరు జిల్లాలో ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. ఇప్పుడు ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. రోజూ కొన్ని ఇంగ్లీషు మాటలను, వాటి తెలుగు అర్థాలను నోటు పుస్తకంలో రాసుకొని కంఠస్థం చేస్తున్నాను. అర్థం అడిగితే చెప్పగలను గాని, మీటింగులో మాట్లాడేటప్పుడు, మెయిల్ రాసేటప్పుడు ఆ మాటలు రావడం లేదు. వచ్చినా తప్పుగా వాడానని మా టీమ్ లీడ్ దిద్దుతున్నారు. లోపం ఎక్కడుంది?
(ఒక ఉద్యోగి, షోలింగనల్లూరు)

జవాబు: మీ శ్రమలో లోపం లేదు, నోటు పుస్తకంలో ఉంది. అందులో ఒకవైపు ఇంగ్లీషు మాట, మరొకవైపు తెలుగు మాట ఉన్నాయి గాని, ఆ మాట ఏయే మాటల మధ్య ఇముడుతుందో చూపే వాక్యం లేదు. చదివేటప్పుడు తెలియని మాట ఎదురైతే తెలుగు అర్థంతో చాలావరకు పని జరుగుతుంది. మాట్లాడేటప్పుడు పరిస్థితి వేరు. చెప్పదలచుకున్న అర్థం మన మనసులో ముందే ఉంటుంది కాబట్టి, దానికి తగిన మాటతో పాటు ఆ మాట వెంట రావలసిన తక్కిన మాటలు కూడా మనకు కావాలి.

'రెఫ్యూజ్', 'డినై' అనే రెండు క్రియలను తీసుకోండి. రెంటికీ 'నిరాకరించు' అనే అర్థం రాసుకొని ఉంటారు, అది తప్పు కాదు. అయితే 'హి రెఫ్యూజ్డ్ టు టేక్ ద మనీ' అంటే ఎవరో డబ్బు ఇవ్వబోతే అతను పుచ్చుకోలేదని అర్థం. 'హి డినైడ్ టేకింగ్ ద మనీ' అంటే డబ్బు తీసుకున్నావని ఎవరో అన్నప్పుడు తాను తీసుకోలేదని అతను చెప్పాడని అర్థం. రెండో వాక్యంలో ఒక ఆరోపణ ఉంది, మొదటి వాక్యంలో దాని ఊసే లేదు. మెయిల్‌లో ఒక క్రియకు బదులు ఇంకొకటి పడితే మనిషి మీద అభిప్రాయమే మారిపోతుంది. అభ్యాసకుల కోసం కూర్చిన ఇంగ్లీషు-ఇంగ్లీషు నిఘంటువు తెరిస్తే, మొదటిది అడిగిన పని చేయనని చెప్పడమనీ, రెండోది ఒక సంగతి నిజం కాదని చెప్పడమనీ నిర్వచనాలే వాటిని వేరుచేస్తాయి. కింద ఉన్న ఉదాహరణలు, మొదటి క్రియ తరువాత 'టు' వస్తుందని, రెండో క్రియ తరువాత 'ఇంగ్' రూపం వస్తుందని చూపిస్తాయి. 'డినై'కి అనుమతి వంటిది ఇవ్వకపోవడమనే మరో అర్థం కూడా ఉంది. దాన్ని నిఘంటువు వేరే అంకె వేసి ఇస్తుంది కాబట్టి, మీరు చదివిన వాక్యానికి ఏ అంకె కింది అర్థం సరిపోతుందో చూసి, దాన్ని మాత్రమే రాసుకోవాలి.

మీ టీమ్ లీడ్ దిద్దుతున్నవి బహుశా ఇంకో జాతి తప్పులు. తెలుగువారు 'ఎక్స్‌ప్లెయిన్ మి', 'సజెస్ట్ మి' అని తరచుగా రాస్తారు. 'నాకు వివరించండి', 'నాకు సూచించండి' అనే మన వాక్యాలే ఇంగ్లీషు మాటలు తొడుక్కొని అలా వస్తాయి. పైగా 'గివ్ మి', 'టెల్ మి', 'షో మి' అనేవి సరైన ప్రయోగాలే కావడం వల్ల, మిగిలినవి కూడా అలాగే ఉంటాయని అనుకోవడం సహజం. కాని ఇంగ్లీషులో వివరించే విషయం ముందు వచ్చి, 'టు మి' ఆ తరువాత రావాలి. 'గురించి చర్చించు' అనే అలవాటు వల్ల 'డిస్కస్' పక్కన 'ఎబౌట్' చేరుతుంది, అక్కడ దాని అవసరం లేదు. ఏ క్రియ ఎలా నడుస్తుందో ఒక్క సూత్రంతో తేలదు. ఆ క్రియ కింద ఇచ్చిన రెండు మూడు వాక్యాలను శ్రద్ధగా చూడడమే దారి.

చెన్నైలో ఉన్నవారికి ఇంకొక చిక్కు ఉంది. మనం 'సందేహం' అన్నట్లే తమిళులు 'సందేగం' అంటారు కాబట్టి, అడగవలసిన ప్రశ్నను 'డౌట్' అనడం ఆఫీసంతటికీ మామూలే, ఎవరూ తప్పు పట్టరు. విదేశంలో ఉన్న క్లయింటుకు 'ఐ హావ్ ఎ డౌట్' అని రాస్తే మాత్రం, మీరు చెప్పిన దాని మీద నాకు నమ్మకం కుదరలేదని ఆయన అనుకోవచ్చు. అక్కడ 'క్వెశ్చన్' అనే మాట వాడండి.

ఇక చేయవలసిన పని. వరసబెట్టి మాటలు ఏరుకోవడం మానండి. మీ పనిలో, మీ చదువులో రెండుసార్లైనా ఎదురైన మాటనే పుస్తకంలోకి ఎక్కించండి. మొదట అది కనిపించిన వాక్యాన్ని ఉన్నదున్నట్లు రాసుకోండి. నిఘంటువు చూడకముందే అర్థాన్ని ఊహించి, తరువాత నిర్వచనంతో సరిచూసుకోండి. నిఘంటువులోని ఒక ఉదాహరణను కూడా దింపుకొని, చివర మీ సొంత వాక్యం ఒకటి రాయండి. ఆ సొంత వాక్యంలో అర్థం బయటపడాలి. 'హి ఈజ్ రిలక్టెంట్' అని రాస్తే 'రిలక్టెంట్' స్థానంలో 'టాల్' పెట్టినా వాక్యం చెల్లుతుంది, దానివల్ల మీరు నేర్చుకున్నది ఏమీ లేదు. 'హి వాజ్ రిలక్టెంట్ టు సైన్ ద పేపర్ బికాజ్ హి హాడ్ నాట్ రెడ్ ఇట్' అని రాస్తే, మనసొప్పక వెనుకాడడమనే అర్థమూ, తరువాత 'టు' రావాలన్న సంగతీ, వెనుకాడడానికి కారణమూ ఒకే వాక్యంలో నిలుస్తాయి. తెలుగు అర్థాన్ని పూర్తిగా వదిలేయమని కొందరు చెబుతారు, నేను ఆ మాట చెప్పను. దాన్ని అన్నిటికంటే చివర, చిన్న అక్షరాలతో రాసుకోండి.

ప్రశ్న: మేము మూడు తరాలుగా చూలైలో ఉంటున్నాము. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఇంట్లో తెలుగు చక్కగా మాట్లాడుతుంది గాని చదవడం రాదు, బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుతుంది. పాఠం చివర ఇచ్చిన సమానార్థక పదాల పట్టికను బట్టీ పడుతుంది. ఇంగ్లీషు-ఇంగ్లీషు నిఘంటువు కొనిస్తే, అర్థంలోనే మళ్లీ తెలియని మాటలున్నాయని పక్కన పెట్టింది. నేనేమి చేయాలి?
(ఒక గృహిణి, చూలై)

జవాబు: అమ్మా, మీరు కొన్నది ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారి కోసం తయారైన నిఘంటువు అయి ఉంటుంది. ఈ ఇబ్బంది చాలా పాతది. 1755లో వెలువడిన శామ్యూల్ జాన్సన్ నిఘంటువులో వల అల్లికను సూచించే 'నెట్‌వర్క్' అనే తేలికైన మాటకు ఇచ్చిన నిర్వచనంలో 'రెటిక్యులేటెడ్', 'డెకస్సేటెడ్', 'ఇంటర్‌స్టిసెస్' అనే మాటలున్నాయి. వల అంటే తెలియని పిల్లకు అవి తెలిసే అవకాశమే లేదు. ఈ కష్టాన్ని తీర్చడానికి గట్టిగా పూనుకున్నవారిలో మైకేల్ వెస్ట్ ఒకరు. ఆయన అప్పటి అవిభక్త భారతదేశంలోని ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేస్తూ బెంగాలీ పిల్లల చదువును దగ్గరగా చూసిన మనిషి. ఎండికాట్‌తో కలిసి ఆయన 1935లో తెచ్చిన నిఘంటువులో 1,490 మాటలను మాత్రమే వాడి, దాదాపు 24,000 మాటలకు, పలుకుబళ్లకు అర్థాలు చెప్పారు. 1978లో వచ్చిన లాంగ్‌మన్ సమకాలీన ఇంగ్లీషు నిఘంటువు కూడా సుమారు 2,000 మాటల లోపలే నిర్వచనాలను రాసింది. మన దేశపు తరగతి గదిలో కనిపించిన అవసరం నుంచి ఇటువంటి పుస్తకం పుట్టిందన్న సంగతి మన ఉపాధ్యాయులందరికీ తెలియాలని నా కోరిక. మీ అమ్మాయికి 'లెర్నర్స్ డిక్షనరీ' అని అట్టమీద స్పష్టంగా ఉన్న పుస్తకాన్ని, ఆమె స్థాయికి తగినదాన్ని, కొనివ్వండి.

సమానార్థక పదాల పట్టిక విషయంలో నాకు గట్టి అభ్యంతరం ఉంది. 'థిన్', 'స్లిమ్', 'స్కిన్నీ' అనే మూడింటినీ ఒకే వరసలో పెట్టి బట్టీ పట్టిస్తే, పిల్ల ఏదో ఒకటి ఎక్కడో ఒకచోట వాడుతుంది. 'స్లిమ్' మెచ్చుకోలు. 'స్కిన్నీ' అంటే విన్నవారు నొచ్చుకోవచ్చు. ఇక్కడ మీరు పుస్తకం కంటే ఎక్కువ సాయం చేయగలరు. నాజూకుగా ఉందనడానికీ, బక్కచిక్కి ఉందనడానికీ ఉన్న తేడా ఇంట్లో తెలుగు మాట్లాడే మీ అమ్మాయికి ఎవరూ చెప్పనవసరం లేదు. నిఘంటువులోని ఉదాహరణ వాక్యాన్ని ఆమె పైకి చదివినప్పుడు, ఈ మాటను మనమైతే ఎవరితో, ఎప్పుడు అంటామో తెలుగులో చెప్పమని అడగండి. తెలుగు లిపి రాకపోవడం ఈ పనికి అడ్డం కాదు. ఆ లిపిని కూడా మెల్లగా నేర్పిస్తే మంచిది, అది వేరే ఉత్తరానికి తగిన విషయం.

ప్రశ్న: మా ఇంట్లో తాతగారి కాలం నాటి శంకరనారాయణ ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఉంది. మా మనవడికి అది చాలదా? కొత్తది కొనవలసివస్తే దేన్ని కొనాలి?
(ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి, పెరంబూరు)

జవాబు: ఆ పుస్తకాన్ని జాగ్రత్తగా కాపాడండి. అటువంటి రెండు భాషల నిఘంటువులలో మరొకటైన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది ఈ ఊరిలోనే. అందులో బ్రౌన్ తెలుగు మాటలకు అర్థాలు చెప్పి ఊరుకోకుండా, పద్యాల నుంచీ వాడుక నుంచీ ప్రయోగాలను ఎత్తి చూపారు. పరభాష నేర్చుకొనేవారికి ఉదాహరణ ఎంత అవసరమో, తెలుగును పరభాషగా నేర్చుకొన్న ఆయనకు అనుభవం మీద తెలుసు. పాత ద్విభాషా నిఘంటువులు చదివేటప్పుడు అర్థం వెతుక్కోవడానికి ఇప్పటికీ ఉపకరిస్తాయి. అయితే ఇంగ్లీషు వాడుక చాలా మారింది కాబట్టి, మీ మనవడు ఇంగ్లీషులో రాయడానికి వాటి మీద ఆధారపడకూడదు.

రాయడానికి పనికివచ్చే నిఘంటువులలో రెండింటిని నేను ముందుగా చెబుతాను. జపానులో ఇంగ్లీషు బోధించిన ఎ.ఎస్. హార్న్‌బీ, మరి ఇద్దరితో కలిసి 1942లో టోక్యోలో ఒక నిఘంటువును ప్రచురించారు. ఏ క్రియ ఎటువంటి వాక్య నిర్మాణంలో వస్తుందో చూపడం దాని ప్రత్యేకత. దాన్నే ఆక్స్‌ఫర్డ్ ముద్రణాలయం 1948లో మళ్లీ అచ్చువేసింది. నేటి ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ దాని వారసత్వమే. ఇందులో నామవాచకాల పక్కన ఉండే గుర్తులను చూడడం మీ మనవడికి తప్పక నేర్పండి. మనం 'సలహాలు' అంటాం కాబట్టి మన పిల్లలు 'ఎడ్వైసెస్' అని రాస్తారు, 'ఫర్నిచర్స్', 'ఎక్విప్‌మెంట్స్' కూడా అలా పుట్టినవే. లెక్కించడానికి వీల్లేని నామవాచకమని తెలిపే గుర్తు ఆ మాట పక్కనే ఉంటుంది, దాన్ని దాటి అర్థానికి పరుగెత్తడం వల్లనే ఈ తప్పు జరుగుతోంది.

రెండోది కాలిన్స్ కోబిల్డ్. జాన్ సింక్లేర్ నాయకత్వంలో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జరిగిన కృషి ఫలితంగా ఇది 1987లో వచ్చింది. కంప్యూటరులో చేర్చిన అపారమైన వాడుక భాష నుంచి ఉదాహరణలను తీసుకోవడం, నిర్వచనాన్నే పూర్తి వాక్యంగా రాయడం దీని పద్ధతి. అసలు వాడుక నుంచి తీసిన ఉదాహరణలకు ఒక ప్రయోజనం ఉంది. 'కాజ్' అనే క్రియకు 'జరిగేలా చేయు' అని అర్థం చెబితే అది మంచికీ చెడుకీ సమానంగా వర్తిస్తుందని అనిపిస్తుంది. ఉదాహరణలు వరసగా చూస్తే దాని పక్కన నష్టం, ఆలస్యం, ఇబ్బంది, ప్రమాదం వంటివే ఎక్కువగా కనిపిస్తాయి. వానలు బాగా కురిసి పంట పండిందనడానికి ఆ క్రియ నప్పదని పాఠకుడు తనంతట తానే గ్రహిస్తాడు.

కొనేముందు ఎళుంబూరులోని కన్నెమర గ్రంథాలయానికి గాని, కొట్టూరుపురంలో 2010లో తెరిచిన అణ్ణా శతజయంతి గ్రంథాలయానికి గాని మనవణ్ణి వెంటబెట్టుకొని వెళ్లి, అక్కడ ఉన్న నిఘంటువులలో ఒకే మాటకు ఇచ్చిన నిర్వచనాలను పోల్చి చూడండి. పిల్లవాడికి ఏది సులభంగా అర్థమైతే అదే కొనండి. ట్రిప్లికేన్ పాత పుస్తకాల దుకాణాలలో కొన్నేళ్ల కిందటి కూర్పు దొరికినా చాలు. వీటిలో చాలావాటిని ఫోనులో ఖర్చు లేకుండా చూడవచ్చు గాని, పిల్లవాడి చేతికి పుస్తకమే ఇవ్వమంటాను.

ప్రశ్న: బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాను. ముప్పై రోజుల్లో వెయ్యి మాటలు నేర్పుతామనే ప్రకటన చూశాను. అసలు ఎన్ని మాటలు రావాలి?
(ఒక అభ్యర్థి, తాంబరం)

జవాబు: వార్తాపత్రికలను, నవలలను ఎవరి సాయమూ లేకుండా చదవాలంటే 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు తెలియాలని పాల్ నేషన్ 2006లో అంచనా వేశారు. పద కుటుంబమంటే ఒక మాట, దాని నుంచి పుట్టిన రూపాలూ కలిపి. అంకెను చూసి బెదరవద్దు, అది ఏళ్ల తరబడి చదువుతో చేరేది. మొదటి 2,000, 3,000 మాటలు క్షుణ్ణంగా రావడం మీకు ముందు ముఖ్యం. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో అటువంటి ముఖ్యమైన మాటల పక్కన తాళంచెవి గుర్తు ఉంటుంది.

రోజుకు ముప్పైకి పైగా మాటలు ఎక్కించుకొంటే, నిన్నటివి తిరిగి చూడడానికి ఇవాళ వ్యవధి ఉండదు. నేర్చుకొన్న దానిలో ఎక్కువ భాగాన్ని మొదటి గంటల్లోనే మరచిపోతామని జర్మన్ మనోవిజ్ఞానవేత్త ఎబింగ్‌హౌస్ తన మీద తానే పరీక్షించుకొని 1885లో ప్రకటించారు. రోజుకు ఎనిమిది, పది మాటలు చాలు. వాటిని మర్నాడు, మూడో రోజున, వారానికి, నెలకు ఉదాహరణ వాక్యాలతో సహా తిరిగి చూడండి. తిరిగి చూడడమంటే చదువుకుపోవడం కాదు. మాటను చేత్తో మూసి, వాక్యంలో ఖాళీని మీరే పూరించాలి. మీ పరీక్షలో ఖాళీలు పూరించే ప్రశ్నలు ఎలాగూ ఉంటాయి.

ప్రశ్న: ఇంగ్లీషు మాటల ఉచ్చారణను తెలుగు లిపిలో రాసుకోవచ్చా?
(ఒక పాఠకురాలు, అంబత్తూరు)

జవాబు: తొలి రోజుల్లో గుర్తు కోసం రాసుకోవచ్చు. పడమరను తెలిపే 'వెస్ట్', లోపల తొడుక్కొనే 'వెస్ట్' ఇంగ్లీషులో వేర్వేరు ధ్వనులతో మొదలవుతాయి, మన లిపిలో రెంటికీ ఒకటే అక్షరం. అంతకంటే ముఖ్యమైనది ఊనిక. 'రికార్డ్' నామవాచకమైతే మొదటి భాగాన్ని, క్రియ అయితే రెండో భాగాన్ని నొక్కి పలకాలి. నిఘంటువులో ఉచ్చారణ ఇచ్చిన చోట, నొక్కవలసిన భాగానికి ముందు పైన చిన్న నిలువు గీత ఉంటుంది. మీరు తెలుగులో రాసుకొన్నా, ఆ భాగం కింద ఒక గీత గీసి, ఉదాహరణ వాక్యాన్ని ఫోనులో విని రెండు మూడుసార్లు పైకి అనండి.