అప్పుడు ఇద్దరు చాలన్నారు, ఇప్పుడు ఇంకా కనమంటున్నారు: ఫిజియోథెరపీ చదివించవచ్చా?

ప్రశ్న: మాది చిత్తూరు. ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌ను. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. ఎంబీబీఎస్ సీటు వచ్చేలా లేదు. ఫిజియోథెరపీ చేస్తానంటోంది. బంధువులేమో మామూలు డిగ్రీలో చేర్పించి గ్రూప్స్ రాయించమంటున్నారు. గవర్నమెంటు ఉద్యోగమే ఉద్యోగమని మా నాన్న కూడా అనేవారు. ఏం చేయాలో తోచక టెన్షన్‌గా ఉంది.

జవాబు: సార్, మీ నాన్నగారి మాట తప్పు కాదు. కరువు సీమలో పెరిగినవాళ్లకు నెల తిరిగేసరికి జీతం, ఆ తర్వాత పెన్షన్ కన్నా ఇంకేం కావాలి? అప్పుడు దేశం లక్ష్యాలూ అలాంటివే. తిండిగింజలు ఓడల్లో తెప్పించుకున్న రోజులవి. డ్యాములు కట్టాలి, బళ్లు పెట్టాలి, జనాభా తగ్గించాలి. అన్నీ ప్రభుత్వమే చేయాలి కాబట్టి ఉద్యోగాలూ అక్కడే ఉండేవి. ఇంకా వెనక్కి వెళ్తే, విజయనగర కాలంలో తిరుమల స్వామికిచ్చిన డబ్బుతో ఊళ్లలో చెరువులు, కాలువలు తవ్వించినట్టు శాసనాలే చెబుతున్నాయి. ఆ కాలానికి నీళ్లే లక్ష్యం.

మన కళ్లముందే ఒక లక్ష్యం తలకిందులైంది చూడండి. 'మేమిద్దరం మాకిద్దరు' అన్న రాతలు, ఎర్ర త్రికోణం బొమ్మలు మీరూ నేనూ గోడల మీద చూస్తూ పెరిగాం. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని మన రాష్ట్రం 1994లో చట్టం చేసింది. 2024 నవంబరులో అదే నిబంధనను అసెంబ్లీ తీసేసింది. ఇంకా కనండి అని మన నారావారిపల్లె ముఖ్యమంత్రే చెబుతున్నారు. మధ్యలో గడిచింది ముప్పై ఏళ్లు, ఒక్క తరం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. జనాభా తగ్గకుండా నిలవాలంటే 2.1 ఉండాలి.

దీనికీ మీ అమ్మాయి చదువుకూ సంబంధం ఉంది. పిల్లలు తగ్గేకొద్దీ జనంలో పెద్దవాళ్ల వాటా పెరుగుతుంది. పిల్లలు బెంగళూరులో, చెన్నైలో ఉంటే ఊళ్లో ఇద్దరు ముసలివాళ్లే మిగిలిన ఇళ్లు మీ వీధిలోనే ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

మా అత్తమ్మకు మోకాలి ఆపరేషన్ అయ్యాక ఇంటికి ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి వచ్చేది. టవల్‌ను చుట్టగా చుట్టి మోకాలి కింద పెట్టి, "అవ్వా, దీన్ని కిందికి నొక్కు, పది లెక్కపెట్టేదాకా వదలొద్దు" అనేది. అత్తమ్మ ఏడుస్తూనే నొక్కేది. మూడు వారాలకు వాకర్ పట్టుకుని వాకిట్లో ముగ్గు దాకా నడిచింది. ఆ రోజు ఇంట్లో అందరం ఏడ్చాం.

తిరుపతి బర్డ్ ఆసుపత్రి అంటే ఒకప్పుడు పోలియో పిల్లలే గుర్తొచ్చేవారు. 2014లో మన దేశం పోలియో లేని దేశమైంది. ఇప్పుడక్కడికి మోకీళ్లు మార్పించుకోవడానికి పెద్దవాళ్లు వస్తున్నారు. జబ్బు మారింది కానీ, కాలు పట్టుకుని నడిపించే పని మారలేదు. ఇది మీకు నేను చెప్పాలా? 2022 నుంచి తిరుమల కొండకు కరెంటు బస్సులు తిరుగుతున్నాయి. డీజిల్ ఇంజిన్ లేకపోయినా వాటికీ బ్రేకులు, సస్పెన్షన్ చూసే మెకానిక్ కావాలి కదా.

కష్టాలు దాచను. ప్రైవేటు ఆసుపత్రుల్లో మొదటి జీతం తక్కువ. రోజంతా నిలబడి చేసే పని, ఓపిక చాలా కావాలి. ప్రవేశాల నిబంధనలు, కోర్సు కాలం ఈమధ్య మారుతున్నాయి, కాబట్టి పోయినేడాది చేరినవాళ్ల మాట విని దరఖాస్తు చేయకండి, ఈ ఏటి నోటిఫికేషన్ చదవండి. తిరుపతి స్విమ్స్‌లో ఈ కోర్సు ఉంది. వేరే కాలేజీ అయితే గుర్తింపు ఉందా, దానికి ఆసుపత్రి ఉందా, రోగులు నిజంగా వస్తున్నారా అని మీరే వెళ్లి చూడండి. రోగుల్లేని చోట ఈ విద్య రాదు.

బంధువులకు ఒక్క మాట చెప్పండి: ఫిజియోథెరపీ కూడా డిగ్రీయే. అది పూర్తయ్యాక గ్రూప్స్ రాయాలనిపిస్తే రాసుకోవచ్చు.

పరీక్షలవగానే అమ్మాయిని అనుమతి తీసుకుని ఒక రెండు రోజులు ఫిజియోథెరపీ విభాగంలో కూర్చోబెట్టండి. ఆ రాత్రి అన్నం తింటూ ఏం చెప్పిందో నాకు రాయండి.