క్యూఆర్ కోడ్‌లో పడ్డ ప్రతి రూపాయీ ఆదాయమేనా? పన్నుల మీద మీ ప్రశ్నలు

జూన్‌లో ఫారం 16లు (జీతం, అందులో కోసిన పన్ను చూపిస్తూ ఆఫీసు ఇచ్చే కాగితం) చేతికి రాగానే మాకు వచ్చే ఉత్తరాల్లో సగం పన్నుల మీదే ఉంటాయి. ఈసారి గందరగోళం ఇంకాస్త ఎక్కువ, ఎందుకంటే 1961 నాటి చట్టం పోయి 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది. దాని గురించి ఇప్పుడే టెన్షన్ పడకండి. మీరు వేయబోయే రిటర్న్ 2025-26లో సంపాదించిన దానిది, దానికి పాత చట్టమే వర్తిస్తుంది. కింద రాసిన అంకెలన్నీ ఆ ఏడాదివే.

ప్రశ్న: ఉప్పల్‌లో నేనూ మా ఆయనా టిఫిన్ సెంటర్ నడుపుతున్నాం. షాపు నా పేరు మీదే ఉంది. పోయిన ఏడాది ఫోన్‌లో 31 లక్షలు, చేతికి 7 లక్షలు వచ్చాయి. మొత్తం 38 లక్షల మీదా పన్ను పడుతుందని పక్క షాపాయన అంటున్నాడు. రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు.

ముందు ఆ భయం వదిలెయ్యండమ్మా. 38 లక్షలు మీ గల్లాలోకి వచ్చిన డబ్బు, మీకు మిగిలిన డబ్బు కాదు. మినప్పప్పు, నూనె, గ్యాస్ సిలిండర్లు, షాపు అద్దె, ప్లేట్లు కడిగే మనిషి జీతం, అన్నీ అందులోంచే పోయాయి. పన్ను పడేది మిగిలినదాని మీదే.

మీలాంటి వాళ్ళ కోసమే 44ఏడీ అనే సెక్షన్ ఉంది. ఏడాదికి 2 కోట్ల లోపు అమ్మకాలుంటే పెద్ద పద్దు పుస్తకాలు, ఆడిట్ లేకుండా, బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో వచ్చినదాంట్లో 6 శాతం, నగదులో 8 శాతం లాభంగా చూపించి ఐటీఆర్-4 అనే రిటర్న్ ఫారం వేసుకోవచ్చు. మీ లెక్క ప్రకారం 31 లక్షల మీద 1,86,000, 7 లక్షల మీద 56,000, కలిపి 2,42,000. కానీ ఒకటి గుర్తుంచుకోండి, ఇది కనీసం చూపించాల్సిన లాభం మాత్రమే. ఖర్చులన్నీ పోను మీకు నిజంగా ఐదు లక్షలు మిగిలుంటే ఐదు లక్షలే రాయాలి. తగ్గించి రాసి మీరు మిగుల్చుకునేది కూడా ఏమీ లేదు, కొత్త విధానంలో (ఇది కొత్త చట్టం కాదు, తగ్గింపులు తక్కువైనా రేట్లు తక్కువగా ఉండే పన్ను లెక్క) 12 లక్షల వరకు రిబేటు, అంటే పన్నులో ఇచ్చే మాఫీ, పోను పన్ను సున్నా, పైగా రేపు షాపు పెంచుదామని లోనుకు వెళ్తే బ్యాంకు వాళ్ళు చూసేది ఆ రిటర్న్‌లో ఉన్న అంకెనే.

మీరు పంపిన మార్చి నెల స్టేట్‌మెంట్ చూశాను. 35, 60, 45, 120 అని వరసగా పడుతూ వచ్చి, ఒక చోట ఉన్నట్టుండి 50,000 పడింది. అది చిట్టీ పాడుకున్న డబ్బని మీకు ఇవాళ గుర్తుంది, మూడేళ్ళ తర్వాత ఎవరైనా అడిగితే గుర్తుండదు. అందుకే షాపు క్యూఆర్‌కు విడిగా ఒక ఖాతా పెట్టుకోండి, ఇంటి డబ్బు, చిట్టీలు, ఆడపడుచు తిరిగిచ్చిన అప్పు అందులోకి రానివ్వకండి. ఇప్పటికే వచ్చినవాటికి తేదీ వేసి ఎవరిచ్చారో, దేనికిచ్చారో నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. ఇంత చిన్న పని చేయకపోవడం వల్లే చాలామంది నోటీసు వచ్చాక బిక్కమొహం వేస్తారు.

మీ లాభం 4 లక్షలు దాటితే పన్ను లేకపోయినా రిటర్న్ వేయాల్సిందే. దాటకపోయినా, ఏడాది కరెంటు బిల్లు లక్ష దాటితే తప్పనిసరి. మీ దగ్గర రెండు గ్రైండర్లు, పెద్ద ఫ్రిజ్ ఉన్నాయని రాశారు కాబట్టి ఆ బిల్లులు ఒకసారి కూడి చూడండి.

అసలు మీరు భయపడాల్సింది వేరే ఉంది. టిఫిన్ సెంటర్ జీఎస్టీలో సేవ కింద లెక్క, అమ్మకాలు ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇది ఆదాయపు పన్నుతో సంబంధం లేని సంగతి, ఇక్కడ లాభం చూడరు, అమ్మకమే చూస్తారు. రిజిస్ట్రేషన్ ఇంకా లేకపోతే ఈ వారమే ఆడిటర్ దగ్గరికి వెళ్ళండి.

ప్రశ్న: ఎల్బీ నగర్ నుంచి రాస్తున్నాను, రిటైర్డ్ టీచర్‌ని, వయసు 67. పెన్షన్ 7.2 లక్షలు, ఎఫ్‌డీ వడ్డీ 1.4 లక్షలు. వడ్డీలో బ్యాంకు వాళ్ళు 14,000 కోశారు. 12 లక్షల లోపు వాళ్ళు రిటర్న్ వేయక్కర్లేదట కదా?

ఆ మాట తప్పు మాస్టారూ. 12 లక్షలన్నది పన్ను పడని హద్దు, రిటర్న్ వేయాల్సిన హద్దు 4 లక్షలే. పెన్షన్‌లో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా మీ ఆదాయం 7.85 లక్షలు, రిబేటుతో పన్ను సున్నా. బ్యాంకు కోసిన 14,000 మొత్తం మీకు తిరిగి రావాలి, రిటర్న్ వేస్తేనే వస్తుంది. సీనియర్ సిటిజన్లకు ఒక బ్యాంకులో వడ్డీ లక్ష దాటితే టీడీఎస్ (వడ్డీలోంచి ముందే తీసే పన్ను) కోస్తారు, ఏడాది మొదట్లోనే నాకు పన్ను పడదని చెప్పే ఫారం 15హెచ్ ఇచ్చి ఉంటే కోసేవాళ్ళు కాదు. ఈ ఏడాదికి ఏ ఫారం తీసుకుంటున్నారో బ్యాంకులో అడిగి ఇప్పుడే ఇచ్చేయండి. మీకు గడువు జూలై 31. వేశాక 30 రోజుల్లోపు ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేయకపోతే వేసినా వేయనట్టే.

ప్రశ్న: మియాపూర్‌లో అద్దెకుంటున్నాను. జీతం 15 లక్షలు, బేసిక్ 6 లక్షలు, హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) 2.4 లక్షలు, నెలకు అద్దె 22,000. పాత విధానమే మేలని ఆఫీసులో అంటున్నారు, నిజమేనా?

మీ అంకెలతోనే వేసి చూద్దాం. కొత్త విధానంలో 75,000 తీసేస్తే 14.25 లక్షలు, పన్ను 93,750, దాని మీద వేసే 4 శాతం సెస్సుతో 97,500.

పాత విధానంలో ముందు హెచ్‌ఆర్‌ఏ. చాలామంది హైదరాబాద్ కదా, మెట్రోనే కదా అని బేసిక్‌లో 50 శాతం వేసేసుకుంటారు. పాత చట్టంలో ఆ 50 శాతం ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైలకే, మన ఊరికి 40. మీకొచ్చే హెచ్‌ఆర్‌ఏ, బేసిక్‌లో 40 శాతం, కట్టిన అద్దెలోంచి బేసిక్‌లో పదో వంతు తీసేయగా మిగిలింది, ఈ మూడింటిలో ఏది తక్కువైతే అదే వర్తిస్తుంది. మీకు మూడోది తక్కువ, 2.04 లక్షలు. దానికి స్టాండర్డ్ డిడక్షన్ 50,000, పీఎఫ్, ఎల్ఐసీ లాంటి పొదుపులకు 80సీ కింద లక్షన్నర, ఆరోగ్య బీమాకు 25,000 కలిపి తీసేసినా ఇంకా 10.71 లక్షలు మిగులుతాయి. పన్ను సెస్సుతో 1,39,152. అంటే పాత దాంట్లోకి వెళ్తే మీకు 41 వేలకు పైగా నష్టం.

మీ జీతానికి మొత్తం తగ్గింపులు 5,93,750 దాటితేనే పాతది లాభం. సొంతిల్లు ఒక ఊళ్ళో ఉండి, దాని లోనుకు 2 లక్షల దాకా వడ్డీ కడుతూ, ఉద్యోగం కోసం ఇక్కడ అద్దెకున్నవాళ్ళకు అలా కుదరొచ్చు. మీ ఆఫీసులో ఆ మాట అన్నవాళ్ళ పరిస్థితి అదేనేమో కనుక్కోండి. పాతది కావాలనుకునేవాళ్ళు జూలై 31 దాటనివ్వకూడదు, ఆలస్యంగా వేస్తే ఆ అవకాశం పోతుంది.

ప్రశ్న: 2012 జూన్‌లో ఘట్‌కేసర్ దగ్గర 6 లక్షలకు కొన్న ప్లాట్‌ను ఈ జనవరి 20న 40 లక్షలకు అమ్మాం. డబ్బంతా బ్యాంకులోనే వచ్చింది. పన్ను ఎంత? పక్క ప్లాటాయన సగం నగదు తీసుకుని సగానికే పన్ను కడతానంటున్నాడు.

2024 జూలై 23కు ముందు కొన్న స్థలాలకు రెండు దారులున్నాయి. నేరుగా లాభం 34 లక్షల మీద 12.5 శాతం అయితే 4.25 లక్షలు. ధరల సూచీతో పెంచి చూసుకుంటే మీ 6 లక్షలు 11.28 లక్షలవుతాయి, మిగతా 28.72 లక్షల మీద 20 శాతం అంటే 5.74 లక్షలు. మీకు మొదటిదే నయం. దీనికి సెస్సు కలుస్తుంది, 12 లక్షల రిబేటు మాత్రం ఈ లాభానికి పనికిరాదు. అసలు పన్నే వద్దనుకుంటే లాభాన్ని 54ఈసీ బాండ్లలో (ఈ మినహాయింపు కోసమే ప్రభుత్వ సంస్థలు ఇచ్చే బాండ్లు) పెట్టొచ్చు, ఐదేళ్ళు కదపకూడదు. అమ్మిన ఆరు నెలల్లోపు పెట్టాలి, అంటే మీకు జూలై 20 దాకానే టైముంది. ఆలోచిస్తూ కూర్చోకండి.

పక్కాయన సంగతి తలుచుకుంటే బాధగా ఉంది. స్థలం అమ్మకంలో 20,000 గానీ అంతకు మించి గానీ నగదు తీసుకోవడమే తప్పు, ఎంత తీసుకుంటే అంతా జరిమానాగా పడొచ్చు. కొన్నాయన మీద ఎప్పుడైనా సోదా జరిగి అగ్రిమెంటు కాగితం దొరికితే ఈయన పేరు బయటికొస్తుంది. సిటీ చుట్టుపక్కల ఇది మామూలే అనుకుంటూ ఎంతమంది పెన్షన్ డబ్బులు ఇలా ప్రమాదంలో పెట్టుకుంటున్నారో.

ప్రశ్న: గచ్చిబౌలిలో పనిచేస్తున్నాను. పోయిన ఏడాది ఒక ఏజెంటు నా ఫారం 16 తీసుకుని 42,000 రీఫండ్ తెప్పించాడు, పది శాతం తీసుకున్నాడు. ఇప్పుడు మా టీంలో ఇద్దరికి నోటీసులొచ్చాయి. నాకేమీ రాలేదు. ఊరుకోవచ్చా?

ఊరుకోవద్దు చెల్లీ. ఫారం 16లో ఆఫీసు వాళ్ళు సరిగ్గా కోసిన పన్ను వెనక్కి వచ్చిందంటే, మీరు చేయని ఖర్చేదో మీ పేరు మీద రాసి ఉంటాడు. రిటర్న్ కాపీ డౌన్‌లోడ్ చేసి చదవండి. పాత విధానంలో వేసి ఉంటాడు, ఎందుకంటే ఆ తగ్గింపులు కొత్త దాంట్లో కుదరవు. మీరు ఎప్పుడూ కట్టని అద్దె, ఏదో పార్టీకి విరాళం, లేని ఎడ్యుకేషన్ లోను వడ్డీ అందులో కనిపించొచ్చు. 2025 జూలైలో ఆదాయపు పన్ను శాఖ ఇలాంటి దొంగ తగ్గింపుల మీద దేశమంతటా 150 చోట్ల తనిఖీలు చేసింది. ఏజెంటు ఫోన్ స్విచాఫ్ చేసుకుంటాడు, రిటర్న్ మీద ఉన్న పాన్ మాత్రం మీది.

మా పిన్ని కొడుకు విషయంలో ఇదే జరిగింది. వాడికీ 'ఏమీ రాలేదు'. తీరా పోర్టల్‌లో ప్రొఫైల్ తెరిచి చూస్తే మెయిల్ ఐడీ, ఫోన్ నంబరు రెండూ ఆ ఏజెంటువి. రెండు నోటీసులు అక్కడికే వెళ్ళాయి, మావాడు మాకు చెప్పేనాటికి జవాబిచ్చే గడువు కూడా దాటిపోయింది. ఆ రోజు వాడి మొహం నాకింకా గుర్తుంది.

దిద్దుకునే దారి ఉంది. పోయిన ఏడాది రిటర్న్‌కు ఐటీఆర్-యూ, అంటే తప్పు దిద్దుకునే రిటర్న్, వేయొచ్చు. ఎక్కువగా వచ్చిన డబ్బు, దాని మీద వడ్డీ, ఆ రెండూ కలిపినదాని మీద 25 శాతం అదనంగా కట్టాలి. 2027 మార్చి 31 దాటితే ఆ 25 కాస్తా 50 అవుతుంది, తర్వాత 60, 70. అదే వాళ్ళు పట్టుకుంటే తప్పుడు సమాచారానికి జరిమానా పన్నుకు రెండింతలు. 42,000 ఒక్కసారిగా కట్టడం కష్టమేనని తెలుసు, అయినా అప్పు చేసైనా ఇప్పుడే కట్టేయమని మా తమ్ముడికి చెప్పినట్టే మీకూ చెబుతున్నాను.

ఈ రాత్రే ఇన్‌కంటాక్స్ పోర్టల్‌లో మీ పాన్‌తో లాగిన్ అవ్వండి. ముందు ప్రొఫైల్‌లో ఫోన్, మెయిల్ మీవేనా చూసి, కాకపోతే మార్చి, పాస్‌వర్డ్ కూడా మార్చండి. తర్వాత నోటీసులు కనిపించే ఈ-ప్రొసీడింగ్స్‌లో మీ పేరు మీద ఏమైనా పెండింగ్ ఉందేమో చూడండి. ఉంటే ఐటీఆర్-యూ వేయకుండా ఆగి, ముందు ఆ నోటీసు పట్టుకుని ఒక మంచి ఆడిటర్‌ని కలవండి.