అప్పజెప్పకు, చిట్టీ

వోల్వర్‌హాంప్టన్,
ఆదివారం రాత్రి

చిట్టితల్లికి,

మీ అమ్మ పొద్దున రాజమండ్రి నుంచి ఫోన్ చేసింది. నీకు ఇక్కడ బ్రిటన్‌లో ఐదేళ్లు నిండబోతున్నాయట, ముందు ఐఎల్‌ఆర్‌కి, అదే శాశ్వతంగా ఉండిపోయే అనుమతికి పెట్టి, అది రాగానే సిటిజన్‌షిప్‌కీ పెడుతున్నావట. వినగానే ఎంత సంతోషమేసిందో! తెలుగు మీడియంలో బీకాం చదివి, ఎయిర్‌పోర్టులో బిక్కమొహంతో దిగిన పిల్లవి.

ఆ తర్వాత మీ అమ్మ ఇంకో రెండు మాటలు అంది. "అల్లుడే అన్నీ చూసుకుంటున్నాడక్కా" అని ఒకటి. "ఇంగ్లీషు పరీక్షకి యూట్యూబులో ఏదో దొరికితే పది నిమిషాలు గడగడా అప్పజెప్పేస్తోంది" అని ఇంకోటి. అప్పటినుంచీ నాకు మనసు మనసులో లేదు. మీ పెదనాన్న పడుకున్నారు. కూర్చుని రాస్తున్నాను.

తేలికవి ముందు చెప్పేస్తా. బ్రిటిష్ సిటిజన్ భార్యవి కాబట్టి సిటిజన్‌షిప్‌కి నీకు మూడేళ్ల లెక్క. ఐఎల్‌ఆర్ వచ్చాక అందరిలా ఇంకో ఏడాది ఆగక్కర్లేదు. ఆ మూడేళ్లలో దేశం బయట ఉన్న రోజులు 270 దాటకూడదు, చివరి ఏడాదిలో 90. పెళ్లిళ్లకీ పురుళ్లకీ వెళ్లొచ్చిన తేదీలన్నీ ఇప్పుడే ఒక కాగితం మీద రాసుకో. ఈ దేశం చరిత్ర, పద్ధతుల మీద పెట్టే లైఫ్ ఇన్ ది యూకే పరీక్ష వేరే. 50 పౌండ్లు, 45 నిమిషాలు, 24 ప్రశ్నలు, 18 రైటైతే పాస్. రాజుల పేర్లు బట్టీ కొట్టు, నేనేమీ అనను. అది బట్టీ పరీక్షే.

పేరు సంగతి మాత్రం జాగ్రత్త. మన ఇంటిపేర్లతో వచ్చే తిప్పలు తెలిసిందేగా. పాస్‌పోర్టులో ఏది ముందుందో, ఏది వెనకుందో, పరీక్ష బుక్ చేసేటప్పుడు అక్షరం పొల్లు పోకుండా అలాగే కొట్టు. గుర్తింపు కార్డుతో పేరు కలవకపోతే గుమ్మంలోంచే పంపించేస్తారు, డబ్బు తిరిగి రాదు.

ఇక భాష. కావాల్సింది బీ1 స్థాయి, అంటే రోజువారీ సంగతులు మాట్లాడగలిగే మధ్య మెట్టు, అదీ మాట్లాడటం, వినడం మాత్రమే. రాయడం, చదవడం లేవు. ఇంగ్లీషు మీడియం డిగ్రీ ఉన్నవాళ్లు విదేశీ డిగ్రీలని సరిచూసే యూకే ఎనిక్ అనే సంస్థ నుంచి కాగితాలు తెచ్చుకుని గట్టెక్కుతారు. నీకూ నాకూ ఆ దారి లేదు, పరీక్షే. ఐఈఎల్‌టీఎస్ లైఫ్ స్కిల్స్ అనే పరీక్ష అయితే ఇంకో అభ్యర్థితో కలిసి మాట్లాడాలి. జీఈఎస్‌ఈ గ్రేడ్ 5 అనే పరీక్ష అయితే నువ్వూ ఎగ్జామినరూ ఇద్దరే, పది నిమిషాలు. అందులో సగం సేపు నువ్వు ఎంచుకున్న టాపిక్, మిగతా సగం పండగలో ప్రయాణాలో, వాళ్లు అడిగినవి. ఏది రాసినా వీసాల కోసం ప్రభుత్వం ఒప్పుకున్న రకమే బుక్ చెయ్యి, అవే పేర్లతో మామూలు పరీక్షలూ ఉంటాయి. ఐఎల్‌ఆర్‌కి ఒప్పుకున్న బీ1 సర్టిఫికెట్టు గడువు తీరిపోయినా సిటిజన్‌షిప్‌కి పనికొస్తుంది. దాన్ని పాత బిల్లుల్లో కలిపి పారేయకు. 2025 మేలో ప్రభుత్వం తెచ్చిన శ్వేతపత్రంలో ఈ స్థాయిని పై మెట్టు బీ2కి పెంచుతామన్న మాట ఉంది, కాబట్టి డబ్బు కట్టే ముందు రోజు ప్రభుత్వ వెబ్‌సైటు ఒకసారి చూడు. ఎవరో చెప్పారని కట్టకు. నేను చెప్పానని కూడా కట్టకు.

ఇప్పుడు నా కథ. మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

నేను 2000 డిసెంబరులో వచ్చాను. అప్పట్లో ఏడాదికే ఐఎల్‌ఆర్ ఇచ్చేవాళ్లు, 2003 చివరికి మూడేళ్లూ నిండాయి. బ్రిటిష్ వాళ్ల భార్యలకి, భర్తలకి అప్పుడు భాష నిబంధనే లేదు తెలుసా! ఫారం నింపితే సరిపోయేది. మీ తాతయ్య ఫోన్లో "ఇండియా పాస్‌పోర్టు ఇచ్చేస్తావుటే?" అన్నారు. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదుగా. ఆ గొంతు విని పెట్టలేదు. 2004 జూలైలో భార్యాభర్తలకీ భాష నిబంధన వచ్చింది. తర్వాత కొన్నేళ్లు లైఫ్ ఇన్ ది యూకే పాసైతే భాష కూడా వచ్చినట్టే లెక్కేసేవాళ్లు, ఆ తలుపూ 2013 అక్టోబరులో మూసుకుపోయింది. నేను లేచింది 2014లో.

ఈ పధ్నాలుగేళ్లూ ఏం చేశానంటావా? మీ పెదనాన్న వెనకాల నిలబడ్డాను. బ్యాంకులో ఆయనే, స్కూల్లో ఆయనే. ఒకసారి డాక్టరు నన్ను చూసి ఎక్కడ నొప్పి అని అడిగితే ఆయనే చెప్పారు, కుడి భుజం అని. నాకు నొప్పి ఎడమ భుజం. నేను నోరు తెరవలేదు. ఇంటికొచ్చి ఆ మందు ఎడమ భుజానికి రాసుకున్నాను. నవ్వకు.

పరీక్షకి నేనూ నీలాగే తయారయ్యాను. టాపిక్ ఉగాది పచ్చడి. ఆయన రెండు పేజీలు రాసిచ్చారు, మంచి ఇంగ్లీషు. నెల రోజులు వంట చేస్తూ, అంట్లు తోముతూ వల్లించాను. ఆరు రుచులు, ఆరు వాక్యాలు, ఒక్కో రుచికీ జీవితంలో ఒక్కో అర్థం. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని.

లోపలికి వెళ్లి మొదలెట్టాను. చేదు దగ్గరికి వచ్చి వేపపువ్వు అన్నానో లేదో, ఆవిడ ఆపింది. "ఇక్కడ వేపచెట్లు లేవు కదా, మీకా పువ్వు ఎక్కడ దొరుకుతుంది?" అంది. ఎంత మంచి ప్రశ్న! నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. నేను "పులుపు చింతపండు వల్ల వస్తుంది" అన్నాను. తర్వాతి వాక్యం అదే మరి. ఆవిడ మళ్లీ, ఇంకా నెమ్మదిగా అడిగింది. నేను ఇంకా గట్టిగా, వగరు మామిడికాయ వల్ల వస్తుంది అన్నాను. పాపం, ఆవిడ పెన్ను కింద పెట్టి చిరునవ్వుతో చూసింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

జవాబు నాకు తెలియక కాదు చిట్టీ. మీ అమ్మ ప్రతి ఏడూ ఎండబెట్టి, పాత మందుల డబ్బాలో పోసి, నాకు పోస్టులో పంపిస్తుంది. "మా చెల్లెలు పంపిస్తుంది" అంటే చాలు. మూడు మాటలు. ఆ మూడూ ఆ రెండు పేజీల్లో లేవు.

ఫెయిలయ్యాను. రిజల్టు ఇంకా రాలేదని మూడు వారాలు ఆయనకి అబద్ధం చెప్పాను. కవరు ఆయనకి దొరికింది. కోప్పడలేదు. "నేను పక్కన ఉంటే బాగుండేది" అన్నారు, ప్రేమగానే. నాకు ఒళ్లు మండిపోయింది. పక్కనే ఉన్నారు కాబట్టే ఇలా అయ్యిందని అనలేదు, లోపలే దాచుకున్నాను. మర్నాడు డాక్టరు క్లినిక్కుకి ఫోన్ నేనే చేశాను. చెయ్యి వణికింది. అయినా ఎడమ భుజం అని చెప్పాను.

రెండోసారి టాపిక్ జాకెట్లు కుట్టడం. ఎవరూ ఏమీ రాసివ్వలేదు. కొలతలు తీసుకుంటావా అని ఎగ్జామినరు అడిగాడు. లేదు, ఆది తీసుకుంటాను అనబోయి ఆగిపోయాను. ఆదిని ఇంగ్లీషులో ఏమంటారు? ఇప్పటికీ తెలియదు. పాత జాకెట్టు, ఆమెకి సరిగ్గా పట్టేది, అది చూసి కొత్తది కోస్తాను, ఒళ్లు చేస్తే పక్క కుట్లు విప్పుతాను అని, చేతులతో చూపిస్తూ, గ్రామరు తప్పులతో చెప్పాను. ఆయన చేత్తో తన చొక్కా పట్టుకుని, మా దర్జీ కూడా ఇలా చేస్తే బాగుండు అన్నాడు. పాసయ్యాను. మాట తెలియనప్పుడు చుట్టూ తిరిగి చెప్పగలగడమే వాళ్లకి కావాల్సిందట, నాకప్పుడు తెలియదు.

అందుకని ఆ యూట్యూబు కాగితం చింపెయ్. నువ్వు రోజూ చేసే పని ఏదైనా టాపిక్‌గా పెట్టుకో. నర్సరీలో పిల్లలకి అన్నం తినిపిస్తావుగా, అదే పెట్టు. నిన్ను ఎవరేం అడిగినా జవాబు ఉండే సంగతి అది.

అల్లుడు మంచివాడు, నాకు తెలుసు. మీ పెదనాన్నా మంచివారే. ఫారాలు అతన్ని నింపనీ, 1,600 పౌండ్లు దాటే ఫీజు కట్టనీ, తప్పు లేదు. కానీ ప్రతి పేజీ నువ్వు చదివాకే సంతకం పెట్టు. ఈ వారం నుంచి పాపకి డాక్టరు అపాయింట్‌మెంటు నువ్వే తీసుకో. పిల్లకి ఎక్కడ నొప్పో నీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?

కోప్పడుతున్నానని అనుకోకు. నా రెండు తలుపులూ మూసుకుపోయాయన్న బాధ నీ మీద పడుతోంది, అంతే.

వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి వీడియో కాల్ చెయ్. నేనే ఎగ్జామినర్‌ని. అల్లుణ్ణి, పాపని పార్కుకి పంపించు, గదిలో నువ్వొక్కదానివే ఉండాలి. సిటిజన్‌షిప్ ఇచ్చే సెరెమనీకి ఏ చీర కట్టుకుంటావో కూడా అప్పుడే చెప్పు, జాకెట్టు నేనే కుడతాను. ఆది ఒకటి పోస్టులో పంపు. పెళ్లప్పటిది పంపకు, పాప పుట్టాక పట్టేది పంపు.

నీ పెద్దమ్మ