అంచులు కత్తిరించనివ్వకు

బంగారూ,

ఫిలిప్పీన్స్ వెళ్తున్నావని, బొహోల్ దీవిలో పాత చర్చిల జ్ఞానస్నానాల పుస్తకాలు బాగుచేసే పనిలో చేరుతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. సంతోషంతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. భయంతో మరుసటి రాత్రీ పట్టలేదు.

భయం ముందు చెప్పేస్తాను. 2013 అక్టోబరు 15 ఉదయం అక్కడ 7.2 తీవ్రతతో భూకంపం వచ్చింది. మరిబొహోక్‌లో పగడపు రాళ్ల చర్చి కుప్పకూలింది. అక్కడ ఇదే పని చేస్తూ, అలాంటి గోడలకే ఆనుకుని నేను మూడేళ్లు అన్నం తిన్నాను. నువ్వు మాత్రం బల్ల గోడ పక్కన వేసుకోకు, తలుపు దగ్గర వేసుకో. భూమి కదిలినప్పుడు పుస్తకం కోసం వెనక్కి పరుగెత్తావంటే చెవి మెలిపెడతాను.

మిగతావి నీకు తెలిసినవే. చేతులు కడిగి పొడిగా తుడుచుకో. టేపు ముక్క అంటించకు. బీరువాను గోడకు తగలనివ్వకు, చెద వస్తుంది. వాళ్లు దాన్ని ‘అనాయ్’ అంటారు. ఆ సిరా మాచికాయ, అన్నభేది కలిపి చేసింది, తడి తగిలితే పాకి కాగితాన్నే తినేస్తుంది. 1849లో స్పానిష్ గవర్నర్ క్లవేరియా ఇంటిపేర్ల జాబితా పంచిపెట్టక ముందు రాసినవాటిలో ‘దెలా క్రూజ్’లు లెక్కలేనంతమంది. అందరినీ ఒకే కుటుంబం అనుకోకు.

ఇక నా తప్పు. ఇది మీ నాన్నకు కూడా చెప్పలేదు.

1890ల నాటి పుస్తకం ఒకటి, కుట్లు తెగిపోయి ఉంది. రెండు నెలలు కూర్చుని పుటలు బాగుచేశాను. బైండింగు మాత్రం ఊళ్లో లెక్కల పుస్తకాలు కుట్టే అతనికి ఇచ్చాను. నాలుగు రోజుల్లో తెచ్చాడు. ఎర్ర అట్ట, మూడు వైపులా కొత్త పేకముక్కల్లా నున్నటి అంచులు. మురిసిపోయి కాఫీ కూడా ఇచ్చాను. అతను వెళ్లాక తెరిచాను.

ఆ పుస్తకంలో బిడ్డ పేరు ఎడమ అంచులో రాసేవారు. కుడి పుటలో ఆ అంచు కుట్టు వైపు ఉంటుంది కాబట్టి పేర్లు బతికాయి. ఎడమ పుటలో అది బయటి వైపు. కత్తి అక్కడ పడింది. ‘మరియా’ ‘రియా’ అయింది, ‘ఫ్రాన్సిస్కా’ ‘సిస్కా’ అయింది. పేరైతే లోపలి వాక్యంలో దొరుకుతుంది. కానీ ఆ బిడ్డకు పెళ్లయ్యాక, ఏ ఊళ్లో ఎవరితో అయిందో తర్వాత ఆ చర్చికి వచ్చిన ఫాదర్లు అదే అంచులో చిన్న అక్షరాలతో చేర్చారు. అది ఆ పుస్తకంలో ఇంకెక్కడా లేదు.

చెప్పులు కూడా వేసుకోకుండా అతని దుకాణానికి పరుగెత్తాను. ముక్కలేవి అని అడిగితే, పొయ్యి రాజేశామంది వాళ్లమ్మ. అతన్ని ఏమనగలను? అందంగా చేసి ఇవ్వమన్నది నేనే. పక్కన కూర్చోనిదీ నేనే.

ఆ ఏడాదే ఒక ముసలాయన వచ్చాడు. వాళ్ల నాయనమ్మ పెళ్లి ఎక్కడ జరిగిందో కావాలన్నాడు. తీశాను, ఎడమ పుట. ఊరి పేరులో చివరి అక్షరం ఒక్కటే మిగిలింది, ‘బు’. పక్క దీవి సెబు కావచ్చు అన్నాను. ఆ ‘కావచ్చు’ పట్టుకుని ఆయన సెబు పడవెక్కాడు. దొరికిందో లేదో నాకు తెలియదు.

కుట్టు నువ్వే నేర్చుకో, ఎవరికీ ఇవ్వకు. కాగితం మడత నొక్కే నా ఎముక పుల్ల మీ నాన్నతో పంపుతున్నాను. కొన దగ్గర కాస్త అరిగింది, అలాగే వాడు, సానపట్టకు. వేళకు తిను.

చేరగానే ఫోను చెయ్యి. బల్ల ఎక్కడ వేశారో ముందు అది చెప్పు.

మీ అత్త